పేరు మారుతూనే ఉన్న రాజధాని

మా ఆఫీసులో ఓ అప్లికేషన్ కోసం దేశాలు, రాజధానుల జాబితా సరిచేస్తున్నాం. కజకిస్తాన్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాం. పాత డేటాలో రాజధాని నూర్-సుల్తాన్ అని ఉంది, కొత్తదాంట్లో ఆస్తానా. ఏది కరెక్ట్?

కజకిస్తాన్ చిన్న దేశమేం కాదు. విస్తీర్ణం దాదాపు 27 లక్షల చదరపు కిలోమీటర్లు, ప్రపంచంలో తొమ్మిదో స్థానం. మహాసముద్రానికి దారిలేని దేశాల్లో ఇదే అతి పెద్దది. జనాభా మాత్రం సుమారు 2 కోట్లే, మన తెలంగాణ కన్నా తక్కువ! 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షానికి బయల్దేరిన బైకనూర్ కూడా ఇక్కడిదే. హైదరాబాద్‌లో చదువుకున్న ఆయన అప్పుడు సోవియట్ రాకెట్‌లో వెళ్లారు.

మొదట దక్షిణాన ఉన్న అల్మాటీ రాజధాని. 1997లో దాన్ని ఉత్తరాన గడ్డి మైదానాల మధ్య ఉన్న అక్మోలాకి మార్చారు. చలికాలంలో అక్కడ మైనస్ 30 డిగ్రీలంటే వింతేం కాదు. సోవియట్ కాలంలో ఆ ఊరు త్సెలినోగ్రాద్. 1998లో ఆస్తానా అయింది. కజక్ భాషలో ఆ మాటకి అర్థం ‘రాజధాని’ అనే!

2019లో తొలి అధ్యక్షుడు నూర్‌సుల్తాన్ నజర్‌బాయెవ్ పదవి దిగగానే, బతికుండగానే, ఊరికి ఆయన పేరు పెట్టేశారు. 2022 జనవరిలో దేశమంతా అల్లర్లు చెలరేగాయి, ఆయన పలుకుబడి తగ్గింది. సెప్టెంబరులో మళ్లీ ఆస్తానా!

అధికారంతో వచ్చిన పేరు మూడేళ్లు తిరిగాక అధికారంతోనే పోయింది. ఊళ్లో జనం మాత్రం అడ్రసులు మార్చుకుంటూనే ఉన్నారు. మేమైతే జాబితాలో పేరు పక్కన ‘ఎప్పటి నుంచి’ అనే కాలమ్ ఒకటి చేర్చాం. ఎందుకైనా మంచిదని!