ఎర్ర వైన్‌కు నిలవ గుణం తోటలోనే!

పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుందని రెండు రూపాయలు ఎక్కువ పెట్టి కొంటాం. అట్లని తాలు గింజను పదేళ్లు దాచినా అది తాలే. ఎర్ర వైన్ సంగతీ అంతే. సీసాలో ఎన్నేళ్లు నిలుస్తుందన్నది చాలావరకు తోటలోనే తేలిపోతుంది.

హైదరాబాద్‌కు ద్రాక్ష కొత్త కాదు. 1890 ప్రాంతంలోనే ఇక్కడికి అనాబ్-ఎ-షాహి వచ్చింది. ఇప్పుడు అమీన్‌పూర్ వైపు చాలా పొలాలు ప్లాట్లయ్యాయి. మిగిలిన ఎకరం, రెండెకరాల్లో వైన్ ద్రాక్ష వేద్దామనుకునే రైతులు ముందుగా ఈ సంగతులు తెలుసుకోవాలి.

వింటేజ్ అంటే?

ద్రాక్ష కోసిన సంవత్సరమే వింటేజ్. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో 1982లో ఎండ బాగా కాసి కాయ నిండుగా పండింది. ఆ ఏటి మేలైన వైన్లు పదుల ఏళ్లు నిలిచాయి. 1992లో వానలు ఎక్కువై రసం పలచబడింది. తోటలు అవే, మారింది కాలం.

నిలిపేవి ఏవి?

పులుపు, వగరు ముఖ్యం. ఎర్ర వైన్‌ను తొక్కతో సహా పులియబెడతారు. రంగు, వగరు తొక్క నుంచే ఎక్కువగా దిగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఈ రెండూ కలిసి మడ్డిగా అడుగుకు చేరతాయి, నాలుక పట్టే వగరు మెత్తబడుతుంది. అందుకే కెబర్నె సావిన్యో, షిరాజ్ వంటి చిన్న కాయ రకాలు కావాలి. పెద్ద కాయ, తెల్ల రకమైన అనాబ్-ఎ-షాహి దీనికి పనికిరాదు.

కాయను 22-24 బ్రిక్స్ తీపి వద్ద కోస్తారు. అదే పులిసి 12-13 శాతం ఆల్కహాల్ అవుతుంది. మన దగ్గర అక్టోబరులో కత్తిరించిన తోట ఫిబ్రవరి, మార్చిలో కోతకొస్తుంది. అప్పటికి ఎండ ముదిరి తీపి ఎక్కుతుంది గానీ పులుపు పడిపోతుంది. రాత్రి చలి ఉండే నంది కొండల వైపు ఈ ఇబ్బంది తక్కువ. మన దేశపు ఎర్ర వైన్లు ఎక్కువగా కొద్ది ఏళ్లలోనే తాగాల్సినవి.

రైతు చూసుకోవాల్సినవి

• నాణ్యత కావాలంటే దిగుబడి ఎకరాకు 3-4 టన్నులకు పరిమితం చేయాలి. టన్ను ధర దానికి తగ్గట్టు గిట్టుబాటవుతుందో లేదో ముందే లెక్క వేసుకోవాలి.

• ఈ కాయ చిన్నది, గింజలెక్కువ. బజారులో కొనేవారుండరు. వైన్ కంపెనీతో ధర, బ్రిక్స్, కోత తేదీ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోనిదే మొక్క నాటవద్దు.

• పటాన్‌చెరు పారిశ్రామికవాడ దాపున బోరు నీటిలో ఉప్పు ఎక్కువుంటే ఆకులు మాడతాయి. నీరు, మట్టి ముందే పరీక్ష చేయించాలి.

• కాయ పండే దశలో నీరు తగ్గించాలి. ఎక్కువైతే రసం పలచబడుతుంది.

• లైసెన్సు లేకుండా ఇంట్లో వైన్ తయారుచేసి అమ్మడం నేరం.

పెట్టుబడికి ముందు రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను కలవండి. పందిరి వేశాక కొనేవాడి కోసం వెతకడం కన్నా, కొనేవాడు దొరికాకే పందిరి వేయడం మేలు.