పిల్లల దంతరక్షణము: ఫ్లోరైడు మేలును, కీడును

"పండ్లున్ననాడు శనగలు లేవు, శనగలున్ననాడు పండ్లు లేవు" అను సామెతను మన పల్లెలలో ముసలివారి విషయమున చెప్పుకొనుచుందురు. కాని నేడు శనగలుండియు, లేతవయసుండియు, పుచ్చిన దంతములతో నమలలేక కన్నీరు గార్చు పసివారు అనేక గ్రామములందు గానవచ్చుచున్నారు. విత్తనము నాటుటకు ముందే శుద్ధి చేసికొను రైతు, తన బిడ్డ నోటి విషయమున మాత్రము నొప్పి పుట్టువరకు ఊరకుండుట తగునా?

పాలదంతములు ఎట్లైనను ఊడిపోవునవే గదా యని ఉపేక్షించువారు పెక్కుమంది గలరు. ఆ దంతములు తమ వెనుక రానున్నవానికి చోటు కాచియుంచును. అవి అకాలమున పోయినచో తరువాతివి వంకరగా మొలచుట సంభవించును. మరియొక విశేషము గలదు. సుమారు ఆరవయేట, పాలదంతముల వరుసకు వెనుక, ఏ దంతమును ఊడకయే యొక పెద్ద దవడపన్ను మొలచును. తల్లిదండ్రులు దానినిగూడ పాలదంతమనియే తలంతురు. అది శాశ్వతదంతము. పోయినచో మరల రాదు.

పన్నులో పురుగు పడినదని చెప్పి, పొగ వేసి పురుగును తీసి చూపువారి మాటలు నమ్మరాదు. కంటికి గనబడు పురుగేదియు పంటిలో లేదు. నోటియందు సూక్ష్మజీవులు కోటానుకోట్లు గలవు. మనము తినిన బెల్లము, చక్కెర, మిఠాయి, బిస్కత్తులు దంతములకు అంటుకొనినప్పుడు ఆ జీవులు వానిని తిని పులుపును పుట్టించును. ఆ పులుపు దంతముపైనున్న గట్టి పింగాణిపొరలోని సున్నపుసారమును కరిగించును. లాలాజలము ఆ నష్టమును కొంత పూడ్చును. కాని గంటగంటకు తీపి తినుచుండు బిడ్డకు పూడ్చుటకు వ్యవధి చిక్కదు. రాత్రి నిద్రలో లాలాజలము తగ్గును గావున, పాలసీసా నోటనుంచుకొని పండుకొను శిశువుల దంతములు త్వరగా చెడును.

ఫ్లోరైడు అను లవణము ఈ పోరాటమున దంతమునకు తోడ్పడును. దంతముపై కొద్దిగా నిలిచియుండినచో, కరిగిన సారము మరల చేరుటకును, చేరిన పొర పులుపునకు లొంగకుండుటకును సహాయపడును. దీని కథ విచిత్రమైనది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమున పిల్లల దంతములపై గోధుమవన్నె మచ్చలుండుటను మెకే అను దంతవైద్యుడు 1901వ సంవత్సరము మొదలుకొని పరిశీలించెను. ఆ దంతములు చూచుటకు వికారముగా నున్నను అంతగా పుచ్చుట లేదు. నీటియందలి ఫ్లోరైడే ఈ మచ్చలకు కారణమని 1931లో తేలినది. పిమ్మట డీన్ అను వైద్యుడు, మచ్చలు పడనంత స్వల్పముగా నున్నను దంతములకు రక్షణ గలుగునని నిరూపించెను. 1945 జనవరిలో గ్రాండు రాపిడ్సు నగరము తన త్రాగునీటిలో ఫ్లోరైడును కలిపి, లోకమున ఇట్టి పనికి మొదటిదైనది.

అచట నీటిలో కలుపుకొనిరి. మన దేశమున అనేక చోట్ల భూమియే అధికముగా కలిపిపెట్టినది. నాటి నెల్లూరు జిల్లాలో ఇట్టి నీటివలన కలుగు ఎముకల రోగమునుగూర్చి షార్టు మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి. నల్లగొండ జిల్లా బాధ మనకందరకు తెలిసినదే. మఱ్ఱిగూడ ప్రాంతమున నడుములు వంగి, కీళ్లు బిగిసిన మనుష్యులను చూచినవారు ఆ దృశ్యమును మరువలేరు. ఈ నీరు త్రాగిన పశువులకును దంతములు, ఎముకలు చెడును.

ఈ విషయమై శ్రమించిన జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాదులోనే, తార్నాక చెంత, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఆనుకొని, లాలాపేటకు చేరువలో నున్నది. 1918లో కూనూరున మెకారిసను ప్రారంభించిన ఈ పరిశోధనాలయము 1958లో ఇచటికి వచ్చినది. నల్లగొండ జిల్లా బాలురకు మోకాళ్లు లోపలికి వంగి ఒకటి కొకటి తగులు వికలత్వమునుగూర్చి ఈ సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లోకమునకు తెలిపిరి. చింతపండు తినిన బాలురకు ఫ్లోరైడు మూత్రముద్వారా అధికముగా వెడలుచున్నదని 2002లో ప్రకటించినదియు వీరే. ఇట్లని చింతపులుసు ఒక్కటియే చాలునని తలపరాదు. నీరు మారనిది రోగము మానదు.

ఇక రైతు సందేహము స్పష్టమే. ఒకచోట మందు, ఒకచోట విషము అగు వస్తువును బిడ్డ నోట పెట్టవచ్చునా? దీనికి సమాధానము మన పొలములోనే యున్నది. విత్తనమునకు మందు పట్టించుట పైపొరను కాపాడుటకే గాని, ఆ గింజలను వండుకొని తినుటకు గాదు. దంతధావనపు ముద్దలోని ఫ్లోరైడు దంతముపై పనిచేయును. ఉమిసివేసినచో కడుపులోనికి పోవునది అత్యల్పము. త్రాగునీటిలోనిదో, దినమునకు పలుమారులు, ఏండ్ల తరబడి, శరీరమంతయు చేరును. సుమారు ఎనిమిదేండ్లలోపు, దవడలో శాశ్వతదంతములు తయారగుచుండగా మితిమీరినచో మచ్చలు పడును. ఆ మచ్చలు ఎంత తోమినను పోవు.

కావున మొదట నీటిని పరీక్ష చేయింపవలెను. లీటరు నీటియందు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు మేలు, 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. కాచుటవలన ఫ్లోరైడు పోదు సరిగదా, నీరు ఇగిరిన కొలది చిక్కనగును. పటికయు సున్నమును తగుపాళ్లలో కలిపి, పేరనిచ్చి, తేర్చు పద్ధతిని నాగపురపు పరిశోధనాలయమువారు 1970ల దశాబ్దమున రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. పాళ్లు తెలియక ఇంట ప్రయత్నింపరాదు. నది నీరు కుళాయికి వచ్చు గ్రామములందు ఆ నీటినే త్రాగుటకును వంటకును వాడి, పాత బోరునీటిని ఇతర పనులకు విడువవలెను.

నీరు మంచిదైన గ్రామమున ఆచరింపదగిన విధి యిది. మొదటి దంతము మొలచిననాటినుండి మెత్తని కుంచెతో తోమవలెను. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, మూడునుండి ఆరేండ్లవరకు బటానీగింజంత ఫ్లోరైడు ముద్ద చాలును. ప్రకటనలలో చూపునట్లు కుంచె నిండుగా పెట్టరాదు. ఉదయమునను, నిద్రకు ముందును, దినమునకు రెండుమారులు, రెండేసి నిమిషములు తోమవలెను. పిమ్మట ఉమియవలెను గాని, నీటితో మిక్కిలి పుక్కిలింపరాదు. పుక్కిలించినచో మందు కొట్టుకొనిపోవును. ఏడెనిమిదేండ్లు వచ్చువరకు పెద్దలే దగ్గరనుండి తోమింపవలెను. మన దేశమున ముద్దలో ఫ్లోరైడు పది లక్షలకు 1000 భాగములకు మించరాదని నిబంధన గలదు. ఆ లెక్క గొట్టముపై ముద్రింపబడి యుండును. అది చూచి కొనవలెను. నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నున్న గ్రామమున మాత్రము, దంతవైద్యుని అడుగక చిన్నపిల్లలకు దీనిని వాడరాదు. కుంచె వాడుట మాత్రము ఎచటను మానవలసిన పని లేదు.

వేపపుల్ల, కానుగపుల్ల నిందింపదగినవి గావు. చక్కగా నమలి కుంచెచేసి తోమినచో మురికి పోవును. కాని ఫ్లోరైడు చేయు పని అవి చేయలేవు. చిన్నపిల్లల వెనుకదంతములకు అందవు. ఇటుకపొడి, బొగ్గుపొడి, ఇసుక పింగాణిపొరను అరుగదీయును. పొగాకుపొడితో తోముట ప్రాణాంతకమగు అలవాటు. దానిని బిడ్డల కంట పడనీయరాదు.

ఆహారమున, తీపి తినిపించినచో భోజనముతో కలిపి ఒక్కమారు పెట్టుడు, నడుమనడుమ వలదు. లాలాపేట యనగానే మన సభ్యులకు విజయ పాలడైరీ జ్ఞప్తికి వచ్చును. పాలన్నియు కేంద్రమునకు పోసి, ఇంటి బిడ్డకు నల్లని తేనీరు ఇచ్చు సంసారములు గలవు. పాలలోని సున్నపుసారము దంతమునకును ఎముకకును బలము. అది కొరవడిన బిడ్డనే ఫ్లోరైడు ఎక్కువగా బాధించును. ఒక గ్లాసెడు పాలు ఇంట నిలుపుట నష్టము గాదు.

సభ్యులారా! ఈ పని ఒంటరిగా కంటె సంఘముగా చేసినచో సులభము. గ్రామమునందలి ప్రతి బోరు నీటిని సంఘము పరీక్షకు పంపి, ఫలితమును కార్యాలయపు గోడపై వ్రాయింపవచ్చును. చిన్న కుంచెలను, ముద్దను సంఘపు దుకాణమున టోకుధరకు తెప్పింపవచ్చును. ఏటికొకమారు దంతవైద్యుని బడికి పిలువవచ్చును. చిగురు దగ్గర సుద్దవంటి తెల్లని మచ్చ కనబడిననాడే చూపినచో, రంధ్రము పడకుండ నిలుపవచ్చును. తెగులు ఆకుపై నుండగనే మందు చల్లువాడు పంటను దక్కించుకొనును. బిడ్డల దంతముల విషయమునను ఇదియే మార్గము.