సమాధుల తోటలో మూడు ప్రశ్నలు

ఈస్టర్‌ ఆదివారం. ఇంకా తెల్లవారలేదు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వెళ్లే జాతీయ రహదారి మీద లారీల చప్పుడు తప్ప ఎచ్చెర్లలో అలికిడి లేదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న కొద్దిపాటి క్రైస్తవ కుటుంబాలు మాత్రం అప్పటికే స్నానాలు ముగించి, పూలదండలూ కొవ్వొత్తులూ పట్టుకుని ఊరి చివర సమాధుల దగ్గరికి బయల్దేరతాయి. ముందు రోజే కలుపు పీకి, సున్నం కొట్టిన సమాధులు చీకట్లో తెల్లగా కనిపిస్తుంటాయి. పాస్టరుగారు బైబిలు తెరిచి, తెల్లవారుజామున ఏసు సమాధికి వెళ్లిన స్త్రీలకు అది ఖాళీగా కనిపించిన ఘట్టం చదువుతారు. పాట మొదలవుతుంది.

నవంబరు 2న కతోలికుల సమాధుల దగ్గరికి వెళ్తే దాదాపు ఇదే దృశ్యం. అవే పూలు, అవే కొవ్వొత్తులు, అవే తడి కళ్లు. పైకి చూస్తే తేడా ఏమీ తెలియదు. కానీ చెవి ఒగ్గి వింటే తెలుస్తుంది. కతోలిక గురువు ‘చనిపోయిన వారి కోసం’ ప్రార్థిస్తారు. బాప్టిస్టు పాస్టరు ‘చనిపోయిన వారిని ఇచ్చినందుకు’ దేవుడికి కృతజ్ఞతలు చెబుతారు.

చిన్న మాట తేడాయే కదా అనిపిస్తుంది. కానీ ఐదువందల ఏళ్ల కిందట ఐరోపా ఖండాన్ని రెండుగా చీల్చింది ఈ తేడానే!

తగవు మొదలైంది అక్కడే...

1517. జర్మనీలో యోహాన్‌ టెట్జెల్‌ అనే సన్యాసి ఊరూరా తిరిగి పాపశిక్ష తగ్గింపు పత్రాలు ఇస్తున్నాడు. ఊరికే కాదు, డబ్బుకు. మీ కోసమే కాదు, చనిపోయిన మీ అమ్మానాన్నల కోసం కూడా కొనుక్కోవచ్చన్నది ఆయన ప్రచారం. ఆ సొమ్ములో కొంత రోములో సెయింట్‌ పీటర్స్‌ బసిలికా కట్టడానికి వెళ్లేది. దీన్ని ప్రశ్నిస్తూ అదే ఏడాది అక్టోబరు 31న విటెన్‌బర్గ్‌ విశ్వవిద్యాలయంలో బోధించే మార్టిన్‌ లూథర్‌ 95 అంశాలు రాశాడు. పోపుగారికి నిజంగా చనిపోయినవారి ఆత్మల్ని విడిపించే శక్తే ఉంటే, డబ్బుతో పనిలేకుండా ప్రేమతోనే అందరినీ ఎందుకు విడిపించరు? ఇదీ అందులో ఒక ప్రశ్న.

ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. మత విషయాల్లో చివరి మాట ఎవరిది? దేవుణ్ని ఎలా ఆరాధించాలి? చనిపోయాక మనిషి ఏమవుతాడు? ఒకదానికి చెప్పే జవాబు మారితే మిగతా రెండూ మారిపోతాయి. ఎచ్చెర్ల పక్క ఊళ్లోని చిన్న చర్చి దగ్గర్నుంచి రోము నగరం దాకా క్రైస్తవంలోని శాఖలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంటాయి.

చివరి మాట ఎవరిది?

కతోలికుల లెక్క ప్రకారం బైబిలు ఒక్కటే చాలదు. అపొస్తలుల కాలం నుంచీ తరతరాలుగా అందుతున్న సంప్రదాయమూ ముఖ్యమే. ఈ రెంటికీ అర్థం చెప్పే అధికారం పోపుకూ, ఆయనతో ఏకమై ఉన్న బిషప్పులకూ ఉంటుంది. విశ్వాసం, నీతి విషయాల్లో పోపు తన పీఠం నుంచి అధికారికంగా ప్రకటించే సిద్ధాంతంలో పొరపాటు ఉండదని 1870లో మొదటి వాటికన్‌ మహాసభ తీర్మానించింది. పోపు ఏం మాట్లాడినా తప్పుండదని దీనర్థం కాదు. ఆ తీర్మానం తర్వాత అలాంటి ప్రకటన స్పష్టంగా వెలువడింది ఒక్కసారే. మరియమాత శరీరంతో సహా పరలోకం చేరిందని 1950లో పన్నెండో పయస్‌ ప్రకటించారు.

లూథర్‌ వారసులు దీన్ని ఒప్పుకోరు. వారికి బైబిలే చివరి మాట. బాప్టిస్టులు ఇంకో అడుగు ముందుకేశారు. బిషప్పులే ఉండరు. పాస్టరును పిలుచుకోవడం, సభ్యుల్ని చేర్చుకోవడం లాంటివన్నీ సంఘస్థులే కూర్చుని తేల్చుకుంటారు.

అందరి చేతిలోనూ ఉండేది ఒకే బైబిలు అనుకుంటాం. అదీ కాదు. కతోలికుల బైబిల్లో 73 పుస్తకాలుంటే ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66. ఎక్కువున్న ఏడింటిలో మక్కబీయుల రెండో గ్రంథం ఒకటి. యుద్ధంలో చనిపోయిన సైనికుల పాపాల కోసం యూదా మక్కబీయుడు యెరూషలేములో బలి అర్పించే ఏర్పాటు చేసిన కథ అందులోదే. పోయినవారి కోసం ప్రార్థించడానికి కతోలికులు చూపించే ముఖ్యమైన ఆధారం అది. ఆ పుస్తకం అవతలివాళ్ల బైబిల్లోనే లేదు!

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు మరో రకం జవాబూ పుట్టింది. రాజమండ్రిలో లూథరన్‌ సంస్థల్లో పనిచేసిన ముంగమూరి దేవదాసు తనకు దేవుడు నేరుగా బయలుపరిచాడంటూ 1938లో బైబిలు మిషన్‌ స్థాపించారు. ఆయన సంఘాల్లో బైబిలుతో పాటు దర్శనాలకూ చోటుంది.

సముద్రం దాటి... నాగావళి ఒడ్డుకు

ఎక్కడో జర్మనీలో పుట్టిన తగవు నాగావళి తీరానికి ఎలా వచ్చింది?

లండన్‌ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్‌ క్రాన్‌, అగస్టస్‌ డెగ్రాంజెస్‌ 1805లో విశాఖపట్నం చేరారు. బైబిలే చివరి మాట అనేవాళ్లకు మొదట కావలసింది జనం భాషలో బైబిలు. అందుకే వచ్చీ రాగానే తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్‌ అనే బ్రాహ్మణ పండితుడు వారికి తోడయ్యాడు. 1809లో క్రాన్‌, 1810లో డెగ్రాంజెస్‌ చనిపోయారు. వారు మొదలుపెట్టిన పనిలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పుస్తకాలు అచ్చులో చూసుకునే అదృష్టం ఇద్దరికీ దక్కలేదు.

1846లో ఫ్రాన్స్‌ సరిహద్దుల్లోని అన్సీ నుంచి సెయింట్‌ ఫ్రాన్సిస్‌ డి సేల్స్‌ సభకు చెందిన కతోలిక గురువులు విశాఖలో దిగారు. 1870ల్లో కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, భీమునిపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలకు వచ్చారు. 1880ల్లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్లు సాలూరు, పార్వతీపురం, జయపురం వైపు మళ్లారు. అలా వంద కిలోమీటర్ల పరిధిలో మూడు రకాల జవాబులూ స్థిరపడ్డాయి. 1993లో శ్రీకాకుళం కేంద్రంగా కతోలిక మేత్రాసనం ఏర్పడింది.

పీఠమా... ప్రసంగమా?

ఏ చర్చి ఎవరిదో తెలుసుకోవాలంటే బోర్డు చదవక్కర్లేదు. లోపలికి తొంగిచూస్తే చాలు. కతోలికుల గుడిలో కళ్లకు ఎదురుగా కనిపించేది పీఠం. దివ్యబలిపూజలో రొట్టె, ద్రాక్షరసం నిజంగానే క్రీస్తు శరీరం, రక్తం అవుతాయన్నది వారి విశ్వాసం. ఆ పూజాఫలాన్ని బతికున్నవారికే కాదు, పోయినవారికీ సమర్పించవచ్చు. అందుకే ఆత్మశాంతి కోసం పూజ చెప్పించడం అక్కడ మామూలు. 1960ల దాకా ఆ పూజ లాటిన్లో జరిగేది. 1962 నుంచి 1965 వరకు సాగిన రెండో వాటికన్‌ మహాసభ తర్వాతే తెలుగు వినిపించింది.

బాప్టిస్టుల చర్చిలో నడిమధ్య నిలిచేది ప్రసంగ వేదిక. ఆదివారం ఆరాధనకు ప్రసంగమే గుండెకాయ. ప్రభురాత్రి భోజనం వారికి క్రీస్తు మరణాన్ని గుర్తుచేసుకునే ఆచరణ. చంటిపిల్లలకు బాప్తిస్మం ఉండదు. ఊహ తెలిసి, నమ్మినవాళ్లే నీళ్లలో మునగాలి. లూథరన్లు ఈ రెంటికీ మధ్యలో ఉంటారు. పిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. రొట్టె రొట్టెగానే ఉన్నా అందులో క్రీస్తు నిజంగా ఉన్నాడంటారు.

పోయినవాళ్లు ఎక్కడున్నారు?

అన్నిటికన్నా మెత్తని చోటు తగిలేది ఇక్కడే. శ్రీకాకుళం జిల్లా వాసులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. శ్రీకూర్మంలో పితృదేవతలకు పిండప్రదానం చేసే కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో. పోయినవారి కోసం ఇక్కడున్నవాళ్లు ఏమైనా చేయగలరా అన్న ఆరాటం అన్ని ఇళ్లలోనూ ఒకటే.

చేయగలరంటుంది కతోలిక బోధ. దేవుడితో సఖ్యంగా చనిపోయినా ఇంకా శుద్ధి కావలసిన ఆత్మలు ‘ఉత్తరింపు స్థలం’లో ఉంటాయని నమ్మకం. అది నరకం కాదు, రెండో అవకాశమూ కాదు. అక్కడికి చేరినవారు ఎప్పటికైనా మోక్షానికి వెళ్లేవారే. మన ప్రార్థనలు వారికి తోడ్పడతాయంటారు. ఆ శుద్ధి చేసే అగ్ని క్రీస్తుతో ఎదురుపడటమే కావచ్చన్న ఆలోచనను 2007లో పోపు పదహారో బెనెడిక్ట్‌ తన లేఖలో ప్రస్తావించారు.

బాప్టిస్టులు కాదంటారు. సిలువ మీద పక్కనున్న దొంగకు ఏసు ఆ రోజే పరదైసును మాటిచ్చాడు కదా, మధ్యలో ఇంకో మజిలీ ఎందుకు? క్రీస్తు చేసిన బలితో సరిపోయాక మనం కలపాల్సింది ఏముంది? అందుకే వారు పెట్టుకునేది ‘ఆదరణ కూడిక’, ఏడాది తిరిగితే ‘జ్ఞాపకార్థ కూడిక’. అవి మిగిలినవారి కోసం. సెవెంత్‌ డే అడ్వెంటిస్టుల మాట వేరు. చనిపోయినవారు పునరుత్థానం దాకా ఏమీ తెలియని నిద్రలోనే ఉంటారన్నది వారి బోధ.

ఇంతకీ లూథరన్లు? ఉత్తరింపు స్థలాన్ని కొట్టిపారేసినా, పోయినవారి కోసం ప్రార్థించడాన్ని తాము నిషేధించడం లేదని 1531లోనే తమ విశ్వాస పత్రాల్లో రాసుకున్నారు. బుద్ధి వద్దన్నా మనసు ఊరుకోదని వాళ్లకు తెలిసే ఉంటుంది.

సిద్ధాంతం పుస్తకంలో ఉన్నప్పుడు ఒకలా, ఇంట్లోకి వచ్చినప్పుడు మరోలా ఉంటుంది. పుట్టిన కొన్ని గంటలకే బాప్తిస్మం లేకుండా బిడ్డ పోతే? అలాంటి పసికందులు స్వర్గమూ నరకమూ కాని ‘లింబో’లో ఉంటారని కతోలిక పండితులు శతాబ్దాలపాటు చెబుతూ వచ్చారు. అది అధికారిక సిద్ధాంతం ఎప్పుడూ కాలేదు. కానీ ఎందరు తల్లులు ఆ మాట విని కుమిలిపోయారో! ఆ బిడ్డలు దేవుడి సన్నిధికి చేరతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో వాటికన్‌ వేదాంత సంఘం ప్రకటించింది. దహనం సంగతీ అంతే. 1963 దాకా కతోలికులకు అది నిషిద్ధం. ఆ తర్వాత అనుమతించారు. చితాభస్మాన్ని నీటిలోనో గాలిలోనో కలపకుండా పవిత్ర స్థలంలో భద్రపరచాలని 2016లో మరోసారి గుర్తుచేశారు.

ఇక పెళ్లిళ్లతో శాఖలు కలిసిన ఇళ్లుంటాయి. భర్త కతోలికుడు, భార్య బాప్టిస్టు. ఆయన పోతాడు. ‘మా ఆయన కోసం ప్రార్థన చెయ్యొచ్చా బాబూ?’ అని ఆమె అడిగితే గురువుగారు తప్పకుండా చేయమంటారు. పాస్టరుగారు ఆయన ఇప్పటికే దేవుడి చేతిలో ఉన్నాడు, నీ కోసం ప్రార్థన చేద్దామంటారు. రెండూ ఓదార్పు మాటలే. ఒకటి ఆమె చేతికి పని ఇస్తుంది. రెండోది భుజం మీది బరువు దించుతుంది.

పాట దగ్గర ఒక్కటే

గొడవలు కొంత చల్లారాయి కూడా. మనిషి రక్షణ పొందేది దేవుడి కృప వల్లేనన్న మూల విషయంలో తమ మధ్య ఏకీభావం ఉందని 1999 అక్టోబరు 31న, లూథర్‌ తన అంశాలు రాసిన తేదీనే, కతోలికులూ లూథరన్లూ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో సంతకాలు చేశారు. ఉత్తరింపు స్థలం గురించి, పోపు అధికారం గురించి మాత్రం ఎవరి మాట వారిదే.

ఉత్తరాంధ్రలో అంతకన్నా చాలా ముందే ఇంకో దారి దొరికింది. అది పాట. పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన వైష్ణవ బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. బోధకుడిగా ఈ ప్రాంతమంతా తిరిగారు. 1890లో కన్నుమూసే నాటికి వందకు పైగా కీర్తనలు రాశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే ప్రతి పాట నెత్తిన రాగం, తాళం కనిపిస్తాయి. భజన గోష్ఠుల్లో పెరిగిన తెలుగు చెవికి అవి పరాయిగా అనిపించవు. బతుకు నిలకడ లేనిదనీ, దిక్కు దేవుడేననీ చెప్పే ఆ కీర్తనల్ని బాప్టిస్టులూ పాడతారు, లూథరన్లూ పాడతారు. శవయాత్రలో పాట ఎత్తుకుంటే వెనక నడిచేవాళ్లలో ఎవరు ఏ సంఘమో ఎవరూ అడగరు.

సమాధుల తోటకు ఇంగ్లీషువాళ్లు వాడే ‘సెమెట్రీ’ అనే మాట గ్రీకు నుంచి వచ్చింది. ‘నిద్రపోయే చోటు’ అని దాని అర్థం. ఇక్కడి సమాధి రాళ్ల మీద ‘ప్రభువునందు నిద్రించెను’ అని చెక్కిస్తారు. నిద్ర అన్నారంటే లేస్తారనేగా! ఎప్పుడు, ఎలా అన్నదాని మీద ఎన్ని వాదాలున్నా లేస్తారన్న దగ్గర తేడా లేదు.

ఈస్టర్‌ ప్రార్థన ముగిసేసరికి తూర్పున సముద్రం వైపు ఆకాశం ఎర్రబడుతుంది. పిల్లలు కరిగిన కొవ్వొత్తి ముక్కలు ఏరుకుంటుంటారు. పెద్దవాళ్లు సమాధి రాయిని ఒకసారి చేత్తో తడిమి, చెప్పులేసుకుని ఇంటిదారి పడతారు. లోపల ఏమని ప్రార్థించారో ఆ తడిమిన చేతికే తెలుసు.