అడుగకయే ఇచ్చెడి యంత్రము: ఎందుకు మానును? ఎట్లు మానును?

బాలలారా! ఒక కంప్యూటరు వేఱొక కంప్యూటరువలె నటింపఁగలదని మీరెఱుఁగుదురా? ఫాబ్రిస్ బెల్లార్ అను ప్రోగ్రామరు 2003లో వెలువరించిన క్యూఎమూ అట్టి అనుకరణ సాధనము. ఏ యంత్రమువలె నటింపవలెనో మనము చెప్పనిచో, అడుగకయే కాఫీలో చక్కెర కలిపెడి అమ్మమ్మవలె, అది సాధారణముగా ముందే నిర్ణయించియుంచిన యంత్రమునే ఇచ్చును. చక్కెర పడనివారు వచ్చినచో ఆ యలవాటే కీడు గదా! అట్లే, ఆర్మ్ అను ప్రాసెసరు జాతికి చెందిన కంప్యూటరు బోర్డులు పరస్పర భిన్నములు. ఒకదానికై కూర్చిన వ్యవస్థ వేఱొకదానిపై నడువకపోవచ్చును. కావుననే ఆర్మ్ విషయమున యంత్రము పేరు మనమే చెప్పవలెను.

మఱి క్యూఎమూలో ఇట్టి పాత అలవాటును మాన్పుట యెట్లు? హఠాత్తుగా తీసివేసినచో దానినే నమ్ముకొన్నవారి పనులు నిలిచిపోవును గనుక, ముందు హెచ్చరిక ప్రకటించి, క్యూఎమూ యొక్క రెండు విడుదలలలో దానిని యథాతథముగా నడువనిచ్చి, అందఱును మార్చుకొనుటకు వ్యవధి కల్పించిన పిమ్మటనే తొలగింతురు.