ఆగిన ఏడాది – అందిన చదువు

"ఏరా, ఈ ఏడు కాలేజీ లేదటగా? ఖాళీయేనా?" ఇంటర్మీడియట్ ప్యాసై ఇంటిపట్టున కూర్చున్న 2023లో మా పెద్దనాన్న మొదలు కిరాణాకొట్టు ఆయన దాకా అందరూ నన్నడిగిన ప్రశ్న యిది. లా ప్రవేశపరీక్షకు చదువుతున్నానంటే నమ్మినవారు తక్కువ. మా నాన్న మాత్రం "ఒక్క ఏడాదే. రెండోది అడక్కు" అన్నారు. ఇప్పుడు అదే సందిగ్ధంలో ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా అనుభవం పనికి రావచ్చునని యీ నాలుగు మాటలు.

ఏడాది ఎందుకు ఆగాలి? జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి జరిపే క్లాట్ ఇటీవల డిసెంబరులో వస్తోంది. ఆ వెంటనే ఇంటర్ పరీక్షలు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి 2022 డిసెంబరు 18న రాసి, చక్కగా మునిగాను.

క్లాట్‌లో రెండు గంటలు, 120 ప్రశ్నలు. నేను మొదటిసారి రాసినప్పుడు 150 ఉండేవి. తప్పు జవాబుకు పావు మార్కు కోత. సెక్షన్లు బట్టీ పట్టనక్కరలేదు. ఒక సూత్రమిస్తారు, ఒక సంఘటన ఇస్తారు. అన్వయించడమే మన పని. హాస్టలు మిత్రుడు మీ గొడుగును తనదేననుకొని పట్టుకుపోయాడనుకోండి. దురుద్దేశంతో తీసుకుంటేనే దొంగతనమన్నది సూత్రమైతే, అతడు దొంగ కాడు. గొడుగు పోయిన కోపంలో జవాబు రాస్తే మార్కు కూడా పోతుంది!

చిక్కల్లా ఇంగ్లీషుతోనే. పరీక్ష మొత్తం పేరాలు చదివి జవాబివ్వడమే. తెలుగు మీడియం వాణ్ణి కనుక, రోజుకొక ఇంగ్లీషు సంపాదకీయం చదివి, దాని సారాంశాన్ని తెలుగులో ఐదు వాక్యాలు రాసేవాణ్ణి. మూడు నెలలయ్యాక గడియారం ముందు పెట్టుకొని పాత ప్రశ్నపత్రాలు చేశాను. తప్పులకు వేరే నోటుబుక్కు పెట్టాను. లాభమంతా ఆ నోటుబుక్కుదే.

రెండో తలుపు కూడా తెరిచి ఉంచుకోండి. మన రెండు రాష్ట్రాల లాసెట్‌ను తెలుగులోనూ రాయవచ్చు. తొంభై నిమిషాలు, 120 ప్రశ్నలు, కోత లేదు. అందులో 60 మార్కులు న్యాయశాస్త్ర అభిరుచికే. రాజ్యాంగం బాగా చదవాలి. సాధారణంగా అర్హతకు 42 మార్కులు చాలు గాని, అర్హత వేరు, సీటు వేరు.

ఇక అసలు కష్టం చదువు కాదు, ఒంటరితనం. స్నేహితులంతా డిగ్రీలో చేరిపోతారు. టైంటేబుల్ అడిగేవారుండరు. పొద్దున్నే లేచే అలవాటూ, వారానికోసారి కలిసి చదివే తోడూ లేకపోతే ఏడాది నీళ్ళలా కారిపోతుంది. ఇంట్లో గడవని పరిస్థితి ఉంటే మాత్రం ఆగమని నేను చెప్పను. డిగ్రీలో చేరండి, ఆ తరువాత మూడేళ్ళ లా ఎలాగూ ఉంది.

2023 డిసెంబరు 3న మళ్ళీ క్లాట్ రాశాను. కోరిన ర్యాంకు రాలేదు. వేసవిలో లాసెట్ రాసి ఈ కళాశాలకొచ్చాను. "మరి ఆ ఏడాది దండగేనా?" అని నాన్న అడగలేదు, నేనే అడుగుకున్నాను. మొదటి వారం తరగతిలో మేష్టారు ఒక తీర్పు చేతికిచ్చి చదవమంటే, భయం లేకుండా చివరిదాకా చదవగలిగాను. జవాబు అక్కడ దొరికింది.