తిరగబడి కూర్చున్న తాళంచెవి

చిన్నారుల రక్తక్యాన్సర్‌ను మొదటిసారి వెనక్కి నెట్టిన మందు వెనక ఓ తెలుగువాడి బృందం ఉంది. ఆ మందు ఒంట్లో ఎక్కడ కూర్చుని పనిచేస్తోందో కళ్లకు కట్టింది మాత్రం ఇసుక రేణువంత స్ఫటికం. అది చెప్పిన కథ ఇదీ...

పాలకూర, తోటకూర, గోంగూర... ఆకుకూరలు తినమని పెద్దలు పోరుపెడుతుంటారు. వాటిలో దొరికే విటమిన్లలో ఒకటి ఫోలేట్. గర్భిణులకు డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్ మాత్ర దాని తోబుట్టువే. అయితే మాత్ర మింగగానే అది నేరుగా పనికిరాదు. దాన్ని కణానికి కావలసిన రూపంలోకి మార్చాలి. ఆ పని చేసేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్. పొట్టిగా డీహెచ్ఎఫ్ఆర్. మనిషిలో ఇది 186 అమినో ఆమ్లాలు గుచ్చిన దండ. ఆ దండ ముడుచుకుని ఉండకట్టినప్పుడు మధ్యలో ఓ గుంట ఏర్పడుతుంది. తాళంలో చెవి దూరినట్టు ఫోలేట్ అందులోకి చేరుతుంది, మారిన రూపంతో బయటికొస్తుంది. ఆ రూపం లేనిదే డీఎన్ఏ తయారీ సాగదు. డీఎన్ఏ లేనిదే కణం రెండుగా చీలదు.

క్యాన్సర్ కణమంటేనే అదుపు లేకుండా చీలేది. మరి ఆ గుంటను మూసేస్తే?

భీమవరం నుంచి...

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, 1940ల్లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథి. ఆయన సోదరుడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు మందుగా నిలిచిన ఫోలిక్ యాసిడ్‌ను సుబ్బారావు బృందమే ప్రయోగశాలలో తయారుచేసి 1945లో ప్రకటించింది.

అదే సమయంలో బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్‌కు ఓ సంగతి తట్టింది. రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇస్తే జబ్బు మరింత ముదురుతున్నట్టు కనిపించింది. అంటే, ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడితే జబ్బు తగ్గాలి కదా! సుబ్బారావు బృందం అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించే నకిలీలను తయారుచేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే. కానీ అప్పటిదాకా ఆ తల్లిదండ్రులకు ఆ మాత్రం ఆశ కూడా లేదు. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు, 53 ఏళ్ల వయసులో. అప్పటికి ప్రపంచంలో ఏ ప్రొటీన్‌నూ పరమాణువుల స్థాయిలో ఎవరూ చూడలేదు. మందు పనిచేస్తోందని తెలుసు. ఎలా అతుక్కుంటోందో చూసే దారి లేదు.

పటికబెల్లం పద్ధతి

ఎంజైమ్ ఎంత చిన్నదంటే, మామూలు మైక్రోస్కోపుకు దాని ఆకారం అందదు. అందుకే స్ఫటికం కావాలి. చిక్కటి పాకంలో దారం వేలాడదీసి కదపకుండా ఉంచితే పటికబెల్లం పలుకులు కడతాయి. ఇదీ అలాంటిదే. శుద్ధిచేసిన ఎంజైమ్‌కు మందు కలిపి, ఆ చుక్కలోని నీరు మెల్లమెల్లగా తగ్గేలా చూస్తారు. అదృష్టం బాగుంటే అణువులన్నీ వరుసగా సర్దుకుని స్ఫటికంగా మారతాయి. దానిమీద ఎక్స్-కిరణాలు పంపితే అవి చెదిరి చుక్కల ముగ్గులా పడతాయి. ఆ ముగ్గును లెక్కగడితే ఏ పరమాణువు ఎక్కడుందో తెలుస్తుంది.

శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1977లో బ్యాక్టీరియా ఎంజైమ్‌తో మెథోట్రెక్సేట్‌ను ఇలా చూశారు. మనిషి ఎంజైమ్‌లో అసలు ఫోలేట్ కూర్చున్న తీరు 1988లో వెల్లడైంది. తర్వాతి సంవత్సరాల్లో మనిషి ఎంజైమ్‌నూ మెథోట్రెక్సేట్‌నూ కలిపి చూశారు. అన్నీ పక్కపక్కన పెడితే అసలు విషయం బయటపడింది. నకిలీ తాళంచెవి అసలుదానిలా కూర్చోలేదు. దాని జంట ఉంగరాల భాగం, పెనంమీద అట్టును తిరగేసినట్టు, పూర్తిగా బోర్లాపడి ఉంది!

కారణం చాలా చిన్నది. ఫోలిక్ యాసిడ్‌లో ఆక్సిజన్ ఉండే ఒకచోట మెథోట్రెక్సేట్‌లో అమినో గుంపు ఉంటుంది. ఆ తేడాతో ఉంగరం తిరగబడి, దండలో 30వ పూసగా ఉన్న గ్లుటామిక్ ఆమ్లాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఫోలేట్ వచ్చి పని ముగించుకుని పోతుంది. ఇది మాత్రం వదలదు.

మంచి కణానికీ అదే తాళం

చిక్కల్లా ఇక్కడే. ఈ తాళం క్యాన్సర్ కణానికే కాదు, నోటి లోపలి పొరకూ, వెంట్రుకల కుదుళ్లకూ, ఎముక మజ్జకూ ఉంది. అవీ చకచకా చీలే కణాలే. అందుకే నోటిపూత, జుట్టు రాలడం, రక్తకణాలు పడిపోవడం. పెద్ద మోతాదులో మందిచ్చాక డాక్టర్లు ల్యూకోవోరిన్ ఇస్తారు. మూసుకుపోయిన ఎంజైమ్‌తో పనిలేకుండా, అది దొడ్డిదారిన మంచి కణాలకు ఫోలేట్ అందిస్తుంది.

బ్యాక్టీరియాలోనూ ఈ ఎంజైమ్ ఉంది కానీ, గుంట ఆకారంలో కాస్త తేడా. కో-ట్రైమాక్సజోల్ మాత్రలోని ట్రైమెథోప్రిమ్ బ్యాక్టీరియా తాళాన్ని మన తాళంకన్నా వేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. క్రిమి చస్తుంది, మనిషి తట్టుకుంటాడు. ఆ తేడా ఎక్కడుందో చూపించిందీ స్ఫటికాలే.

వారానికి ఒక్కసారే

మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు రుమటాయిడ్ ఆర్థరైటిస్, సోరియాసిస్ రోగులూ తక్కువ మోతాదులో వాడుతున్నారు. వాళ్లకిది సాధారణంగా వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలమీదికి తెచ్చుకున్నవాళ్లు అనేక దేశాల్లో ఉన్నారు. ఏ వారం వేసుకోవాలో డాక్టర్‌తో చీటీమీద రాయించుకోవడం, ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచడం మేలు. గర్భిణులు, గర్భం కోరుకునేవారు ఈ జబ్బులకు దీన్ని వాడకూడదు. ఫోలిక్ యాసిడ్ మాత్రను కూడా డాక్టర్ చెప్పినట్టే వేసుకోవాలి.

1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకులో ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఆకారాలున్నాయి. అందులో ఈ ఎంజైమ్ కూడా ఉంది, మెథోట్రెక్సేట్‌ను పొదువుకుని. చూడటానికి రుసుమేమీ లేదు. సుబ్బారావు చూడలేకపోయిన ఆ గుంటను ఇవాళ భీమవరంలోని ఓ బడిపిల్ల కంప్యూటర్ తెరమీద అటూఇటూ తిప్పి చూడొచ్చు.