ఆయా చెప్పింది, నేను వినలేదు

అప్పటికి స్టాఫ్ నర్సుగా నాకు ఏడేళ్ల అనుభవం. ప్రసూతి వార్డులో నైట్ డ్యూటీ. ఒకే పేరున్న ఇద్దరు బాలింతలు పక్కపక్క మంచాల మీద ఉన్నారు. ఒకామెకి రక్తం ఎక్కించాలి. బ్లడ్ బ్యాంక్ నుంచి బ్యాగు వచ్చింది. హౌస్ సర్జన్ పేరు చూసి సరే అన్నాడు. నేనూ పేరే చూశాను, ఐపీ నంబరు చూడలేదు. సెట్ కలుపుతుంటే, బెడ్‌పాన్ తీయడానికి వచ్చిన ఆయా మెల్లగా, "ఈమెక్కాదేమోనమ్మా, సాయంత్రం శాంపిల్ తీసింది ఆ పక్కామెకి" అంది.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

పది నిమిషాలకి ఆమెకి వణుకు మొదలైంది. నడుం విరిగిపోతోందని ఏడ్చింది. వెంటనే రక్తం ఆపేసి, సెలైన్ పెట్టి, డాక్టర్లను లేపాం. బతికింది. కిడ్నీలు ఏమవుతాయోనని వారం పాటు ఆమె మూత్రం కొలుస్తూనే ఉన్నాం. జరిగిందంతా కాగితం మీద రాయమన్నారు. ఆయా పేరు రాయాల్సిన చోట నా పెన్ను ఆగిపోయింది. మూడేళ్లుగా ఒకే వార్డులో చేస్తున్నాం. ఆమె పేరు నాకు తెలియదు.

ఇప్పుడు నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. టీమ్‌వర్క్ ట్రైనింగ్ అనగానే, కలిసిమెలిసి ఉండమని చెప్పే ఉపన్యాసం అనుకుంటారు. కాదు. నరం దొరకబుచ్చుకుని సూది పెట్టడం ఎలా నేర్చుకుంటామో, ఇదీ అలా చేసి చేసి నేర్చుకునే పనే.

దీనికి మూలం విమానాల్లో ఉంది. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో, పొగమంచులో, రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే దిగలేదేమో అని ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. దిగిందని కెప్టెన్ గట్టిగా చెప్పేశాడు. ఆయన పెద్ద పేరున్న పైలట్. ఇంజనీరు రెండోసారి అడగలేదు. ఇలాంటి ప్రమాదాలు చూశాకే, 1979లో నాసా పెట్టిన సదస్సు నుంచి, విమాన సిబ్బందికి ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో నేర్పడం మొదలైంది.

2005లో ఇంగ్లండ్‌లో ఇలైన్ బ్రోమిలీ అనే ఇద్దరు పిల్లల తల్లి సైనస్ ఆపరేషన్‌కి వెళ్లింది. మత్తిచ్చాక గాలి అందలేదు. అనుభవమున్న డాక్టర్లే గొట్టం వేయాలని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోయారు. గొంతు దగ్గర దారి చేసే సామాను ఒక నర్సు తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఐసీయూలో మంచం ఉందని ఇంకో నర్సు చెప్పింది. ఆ మాటలు వాళ్ల చెవికెక్కలేదు. 13 రోజులకి ఇలైన్ పోయింది. ఆమె భర్త మార్టిన్ విమాన పైలట్. తన వృత్తిలో నేర్పేది ఆపరేషన్ థియేటర్‌లో ఎందుకు నేర్పరని అడిగి, 2007లో అందుకోసమే ఒక సంస్థ పెట్టాడు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ నర్సుల చోట మా ఆయాను చూస్తాను.

అమెరికా ప్రభుత్వం 2006లో టీమ్‌స్టెప్స్ అనే శిక్షణ తెచ్చింది. అందులో నాకు నచ్చినవి మాటలకు సంబంధించినవే. మొదటిది, విన్న మాటను తిరిగి చెప్పడం. హోటల్లో సర్వర్ ఆర్డర్ తిరిగి అప్పజెప్పినట్టు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే డాక్టర్ "ఆక్సిటోసిన్ 10 యూనిట్లు, కండకి" అంటుంది. సిస్టర్ అదే మాట తిరిగి చెప్పి, ఇచ్చాక "ఇచ్చాను మేడం, 11:20" అనాలి. తలూపితే సరిపోదు.

రెండోది అర్ధరాత్రి ఫోన్. "సార్, నాలుగో బెడ్ పేషెంట్ ఏదోలా ఉంది, ఒకసారి చూస్తారా?" అంటే నిద్రలో ఉన్న మనిషికి ఏం అర్థమవుతుంది? ఎవరు, ఏం జరిగింది, బీపీ, పల్స్ ఎంత, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి, ఈ వరసలో చెప్పాలి. "బీపీ 80/50, పల్స్ 130. రక్తస్రావం ఆగలేదనుకుంటున్నాను. మీరు ఇప్పుడే రావాలి." ఈ ఆఖరి వాక్యం మా పిల్లల నోట రావడానికి వారాలు పడుతుంది. పెద్దవాళ్లని "రావాలి" అనడం మనింట్లో ఎవరూ నేర్పరు.

తప్పు కనబడితే ఆపే మాటలు కూడా తెలుగులో వెతుక్కున్నాం. "నాకు అనుమానంగా ఉంది సార్" అంటే ఆయన్నే అనుమానించినట్టుంది. "నాకు భయంగా ఉంది" అనడం తేలికని పిల్లలే తేల్చారు. అప్పటికీ వినకపోతే, "పేషెంట్ ప్రాణం సంగతి, ఆపండి."

కానీ మాట్లాడేవాళ్లకి నేర్పితే సగం పనే. విన్న పెద్దవాళ్లు మొదట ఏమంటారన్నదే నా దృష్టిలో అసలు పాఠం. "నీ పని నువ్వు చూసుకో" అన్న ఒక్కసారికి ఆ ఆయా నాకు మళ్లీ ఏదీ చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టులో 19 అంశాలుంటే, అందరూ తమ పేరు, తాము చేసే పని చెప్పుకోవడం వాటిలో ఒకటి. న్యూఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో ఆ చెక్‌లిస్టు వాడి చూస్తే, ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. అందులో పేర్ల వాటా ఎంతో ఎవరూ విడిగా కొలవలేదు. నాకు మాత్రం అది తెలుసుననిపిస్తుంది.

ఎంబీబీఎస్ వాళ్లకి 2019 నుంచి మాటతీరు, నడవడికల మీద ఏట్‌కామ్ పాఠాలున్నాయి. మంచిదే. కానీ ఆ తరగతిలో నర్సింగ్ విద్యార్థి లేకపోతే, ల్యాబ్ టెక్నీషియన్ లేకపోతే, ఎవరితో మాట్లాడటం నేర్చుకుంటారు? వేర్వేరు భవనాల్లో చదివి, మొదటిసారి ప్రాణాపాయంలో ఉన్న పేషెంట్ దగ్గర కలుసుకుంటున్నారు. చిన్న క్లినిక్‌లోనూ ఇంతే. పొద్దున ఐదు నిమిషాలు డాక్టర్, కాంపౌండర్, రిసెప్షన్ అమ్మాయి కలిసి నిలబడి మాట్లాడుకుంటే, ఛాతీ నొప్పితో వచ్చినాయన్ని టోకెన్ నంబరు వచ్చేదాకా కూర్చోబెట్టకూడదని ఆ అమ్మాయికి తెలుస్తుంది.

మొన్న బొమ్మ పేషెంట్‌తో అభ్యాసం పెట్టి, హౌస్ సర్జన్లని, నర్సింగ్ పిల్లల్ని, వార్డు బాయ్‌లని కలిపి కూర్చోబెట్టాను. రక్తం బ్యాగు మీద కావాలనే తప్పు నంబరు అంటించాను. రెండు బ్యాచ్‌లు దాటేశాయి. మూడో బ్యాచ్‌లో వెనక నిలబడ్డ వార్డు బాయ్, "సార్, నంబరు కలవలేదనిపిస్తోంది" అన్నాడు. గదంతా నిశ్శబ్దం. హౌస్ సర్జన్ క్లాంప్ మీంచి వేలు తీసి, అతని పేరు పెట్టి పిలిచి, "ఏదీ, చదువు" అన్నాడు. ఇద్దరూ వంగి, బ్యాగు మీదా చేతి పట్టీ మీదా ఉన్న అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుకున్నారు.